చెయ్యి ముట్టని ఎలుకలు

చుట్టుపక్కల ఫ్లాట్లలో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ముందు ఈ ఇంటి తలుపే తట్టేవారు. తలుపు తీసేది అక్క.

"మా చెల్లి గుండె డాక్టరే గానీ మీ గుండెకి కాదమ్మా. తోక ఉంటే చెప్పండి, ఇప్పుడే చూస్తుంది" అనేది. అంటూనే వాళ్ళని కూర్చోబెట్టి, బండి పిలిచి, ఆసుపత్రికి పంపించేది. చెల్లెలు లోపలి గదిలో కాగితాలు ముందేసుకుని కూర్చుని, తనకు సంబంధం లేని విషయంలా వింటూ ఉండేది.

ఆమె డాక్టరే, కానీ మందుచీటీ రాసే డాక్టరు కాదు. వయసు మళ్ళిన ఎలుకల గుండెలు ఎందుకు బిగుసుకుపోతాయో కనుక్కోవడం ఆమె ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే ఉద్యోగం, అదే రెండో అంతస్తు, చివరి గది. గుండె మీద ఆమెకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ ఉండేది కాదు. ఆమె పరిశోధనకు దరఖాస్తు పెట్టుకున్న ఏడాది ఖాళీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే. పక్క గదిలో ఖాళీ ఉండి ఉంటే జీవితమంతా కాలేయాల మీద పనిచేసేదాన్నని ఆమే చెప్పేది.

చిన్నప్పుడే తల్లి పోవడంతో పదేళ్ళు పెద్దదైన అక్క ఆమెను పెంచింది. అక్క దర్జీ. వీధి మొదట్లో చిన్న దుకాణం, అందులో రెండు కుట్టు మిషన్లు. భర్త పోయాక, చూపు తగ్గాక దుకాణం మూసి చెల్లెలి ఇంటికే వచ్చేసింది. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అక్కే జవాబిచ్చేది. "ఎలుకలకి భయపడని మొగుడు దొరకలేదు."

అసలు ఆమె పని ఏమిటో అక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. గుండెకు రెండు పనులు. పిండడం ఒకటి, వదులై నిండడం ఒకటి. లోకమంతా పిండడం గురించే మాట్లాడుతుంది. వయసు మీద పడ్డాక చాలామందిలో ముందు చెడేది రెండో పని. పిండే బలం ఉంటుంది, నిండే వీలు ఉండదు. గుండె గోడ బిగుసుకుపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం.

"అంటే ఉతికితే ముడుచుకుపోయిన గుడ్డ లాంటిదన్నమాట" అంది అక్క.

"అలాంటిదే."

"దానికి మందు లేదు. ముందే తడిపి ఆరేసి కుట్టాలి."

తొమ్మిదేళ్ళ కిందట ఆమె దానికి మందు కనిపెట్టినంత పని చేసింది. కీళ్ళ నొప్పులకు తయారుచేసి, పెద్దగా పనిచేయక మూలన పడేసిన పాత మందు ఒకటి ఉంది. దాన్ని తీపి నీళ్ళలో కలిపి, పద్దెనిమిది నెలల వయసున్న ముసలి ఎలుకలు ఇరవై నాలుగింటికి నాలుగు నెలల పాటు రోజూ పట్టించారు. ఇంకో ఇరవై నాలుగింటికి మందు లేని తీపి నీళ్ళు. నాలుగు నెలల తర్వాత, మత్తు ఇవ్వకుండా, మెలకువగా ఉన్న ఎలుకను చేతిలో పట్టుకుని, ఛాతీ మీద జిగురు రాసి, ఎకో యంత్రంతో గుండె ఎలా నిండుతోందో కొలిచారు. ఏ ఎలుక ఏ గుంపులోదో కొలిచే ఆమెకు తెలియదు. జాబితా కవరులో పెట్టి సీలు వేసి డైరెక్టర్ బీరువాలో పెట్టారు.

కవరు తెరిచాక మందు తిన్న గుంపు గుండెలు హాయిగా నిండుతున్నట్టు తేలింది. తిననివాటి గుండెలు నిమిషానికి ఏడు వందల సార్లు దడదడలాడుతూ, నిండడానికి సమయమే లేనట్టున్నాయి. వయసు మళ్ళిన గుండె ఇలాగే పరుగులు పెడుతుందని ఆమె తన వ్యాసంలో ఒక పేరా రాసింది. ఆ పేరా మిగతా వ్యాసమంతటి కంటే ఎక్కువ పేరు తెచ్చింది. సంస్థ వరండాలో ఆమె ఫోటో వేలాడదీశారు. ఒక పరిశోధనశాలలో ఇదే ఫలితం మళ్ళీ వచ్చింది. ఇంకో చోట రాలేదు. రానివాళ్ళ దగ్గర మందు పాతబడి ఉంటుందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. చివరికి ఊళ్ళోని పెద్దాసుపత్రి వాళ్ళు నూట ఎనభై మంది పెద్దవాళ్ళ మీద ఆ మందును పరీక్షించడం మొదలుపెట్టారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, మింగేవాళ్ళకీ తెలియదు.

పదవీ విరమణకు ఏడాదిన్నర ఉండగా ఆమె దగ్గర చదువుకుంటున్న పొడుగమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల ఎంత పొడుగంటే గదిలోకి వచ్చినప్పుడల్లా తల వంచేది, గుమ్మం ఎత్తుగా ఉన్నా సరే. పాత ప్రయోగాన్నే ఎక్కువ ఎలుకల మీద మళ్ళీ చేసి, మందు మోతాదు ఎంత ఉండాలో తేల్చడం ఆ పిల్ల పని.

"తేడా రాలేదు మేడం."

"ఎందులో?"

"దేన్లోనూ. మందు తిన్నవీ ఒకటే, తిననివీ ఒకటే. అన్నిటికీ దడే."

"మళ్ళీ కొలువు."

"మూడుసార్లు కొలిచాను."

"నాలుగోసారి కొలువు. నీ చెయ్యి ఇంకా కుదురుకోలేదు."

నాలుగోసారి మేడమే కొలిచింది. తేడా రాలేదు. చెయ్యి కుదురుకోనిది ఎవరిదో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాతి ఆరు నెలలు ఆ గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గోడ మీది తెల్ల బోర్డు నిండా అనుమానాలు రాశారు. మందు చెడిపోయిందేమో. పరీక్షకు పంపారు, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు స్వచ్ఛం అని వచ్చింది. కొత్త ఎకో యంత్రం తేడానేమో. గోదాములో దుమ్ము కొట్టుకుపోయిన పాత యంత్రాన్ని మోయించి తెచ్చి, మెకానిక్‌ని బతిమాలి బతికించారు. అదీ అదే మాట చెప్పింది. ఎలుకల వంశం మారిందేమో. అదే వంశం, అదే సరఫరాదారు. దాణా, నీళ్ళు, పంజరంలో వేసే రంపపు పొట్టు, కింది అంతస్తులోని ఎలుకల గదిలో దీపం వెలిగే వేళ, అన్నీ చూశారు. ఒక్కో అనుమానాన్నీ కొట్టేస్తుంటే బోర్డు ఖాళీ అయింది గానీ బుర్ర ఖాళీ కాలేదు. ఆమె ఇంట్లో అన్నం ముందు కూర్చుని చెంచాతో గీతలు గీసేది.

"ఏమైందే? కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నావు" అంది అక్క.

"ఎలుకల మాట ఎత్తకక్కా."

చిక్కుముడి కొస పొడుగమ్మాయికి దొరికింది, అదీ తను వెతకని చోట. ఒకరోజు పాత రిజిస్టర్లు తిరగేస్తూ అడిగింది. "అప్పుడు మందు ఎలా ఇచ్చేవారు మేడం? నేను దాణాలో కలిపాను కదా."

"డ్రాపర్‌తో నోట్లో పోసేవాళ్ళం. ఎలుకల బాబాయ్ పోసేవాడు."

"రెండు గుంపులకీనా?"

"రెండిటికీ. లేకపోతే పోలిక ఎలా కుదురుతుంది? ఎర్రమూత సీసాలో మందు, నీలంమూత సీసాలో ఉత్త తీపి నీళ్ళు. రోజూ సంతకం పెట్టాడు, చూడు."

"చూశాను. ఒక్కో ఎలుకకి మూడు నిమిషాలన్నా పడుతుంది కదా? నలభై ఎనిమిదింటికి రెండు గంటలు దాటాలి. ఈయన రోజూ గంటా పావులో ముగించాడు."

"బాబాయ్ చెయ్యి చురుకు" అంది మేడం. అని, రిజిస్టర్ తన వైపు లాక్కుని, "ఆయన ఇప్పుడు ఎక్కడుంటున్నాడో ఆఫీసులో కనుక్కో" అంది.

ఎలుకల బాబాయ్ పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. ఎలుకల గదికి ముప్పై ఏళ్ళు కాపలా ఉన్న మనిషి. సంస్థలో పిన్నలూ పెద్దలూ అందరికీ బాబాయే. కూతురి ఇంట్లో ఉంటున్నాడు. కింది వాటా, రెండు గదులు. ఆమె వెళ్ళేసరికి నేల మీద పాత పేపరు పరిచి, టేబుల్ ఫ్యాన్ విప్పి, మరలన్నీ ఒక మూతలో వేసుకుని కూర్చున్నాడు.

"రండి మేడం రండి! ఆ కుర్చీ వద్దు, దానికి కాలు సరిగ్గా లేదు. ఇందులో కూర్చోండి. అమ్మాయ్, టీ పెట్టు. మా పెద్దమేడం వచ్చారు."

టీ వచ్చేదాకా పాత ముచ్చట్లు నడిచాయి. ఎవరు పోయారు, ఎవరికి మోకాళ్ళు పోయాయి. తర్వాత ఆమె అడిగింది.

"బాబాయ్, ముసలి ఎలుకలకి మందు పట్టేవారు, గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంటి మేడం. ఎర్రమూత, నీలంమూత."

"నీలంమూతది కూడా డ్రాపర్‌తోనే పట్టారు కదా?"

"అదా? అది వాటి నీళ్ళ సీసాల్లో పోసేసేవాణ్ణి."

ఆమె కప్పు కింద పెట్టింది. "ఎందుకు?"

"అందులో మందు లేదుగా."

"మందు లేదని మీకెవరు చెప్పారు? ఎవరికీ చెప్పలేదు మేము."

"ఒకరు చెప్పాలా? మూత తీస్తే ముక్కుకి తెలియదా? ఎర్రమూతది చేదు వాసన. నీలంది పంచదార నీళ్ళు. మందంటే సరే, పట్టుకుని పోయక తప్పదు. ఉత్త నీళ్ళ కోసం ఆ ముసలి ప్రాణాల మెడ పట్టుకుని, నోరు తెరిపించి… అవి విలవిల్లాడతాయి మేడం. దాహం వేస్తే అవే తాగుతాయి కదా అనుకున్నా."

"రిజిస్టర్‌లో ఇచ్చాను అని రాశారు."

"ఇచ్చాను కదా!" అన్నాడు బాబాయ్, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అందులో అబద్ధం లేదు. ఆమెకు కోపం రావాలి, రాలేదు. "మరి ఎర్రమూతవి? అవీ విలవిల్లాడేవా?"

"మొదటి వారమే. తర్వాత అలవాటు పడిపోయాయి. పంజరంలో చెయ్యి పెడితే చాలు, వాటంతటవే అరచేతిలోకి ఎక్కేవి. ఒకటైతే చొక్కా చేతిలో దూరి పడుకునేది. దాన్ని బయటికి తియ్యడానికే పది నిమిషాలు."

వంటగదిలోంచి కూతురు అంది. "మనవణ్ణి ఎత్తుకోమంటే మాత్రం నడుం నొప్పి."

"వాడు ఎలుకంత ఉంటే ఎత్తుకోనా?" అన్నాడు బాబాయ్. తర్వాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏమన్నా తప్పయిందా మేడం?"

"తెలియదు బాబాయ్" అంది ఆమె. ఆ మాట ఆమె మర్యాద కోసం అన్నది కాదు.

ఇంటికి నడుస్తూ లెక్క కట్టుకుంది. నాలుగు నెలలు ఒక గుంపును రోజూ మనిషి చెయ్యి ముట్టుకుంది. రెండో గుంపును ముట్టుకోలేదు. కొలిచే రోజు రెండు గుంపులనూ చేతిలో పట్టుకునే కొలిచారు. అలవాటైనవి ప్రశాంతంగా ఉన్నాయి. అలవాటు లేనివి ప్రాణభయంతో ఉన్నాయి. ఏడు వందల దడ వయసుది కాకపోవచ్చు, భయానిది కావచ్చు. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే అది నిండేటప్పుడు వచ్చే రెండు అలలూ తెర మీద ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చూసేవాళ్ళకు బిగుసుకుపోయిన గుండెలా కనబడుతుంది. అంటే పేరు తెచ్చిన ఆ పేరా మొత్తం భయపడ్డ ఎలుకల గురించి రాసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారనే మాట విని ఆమె ఎన్నోసార్లు నవ్వింది. ఇక్కడ ఎలుకను కూడా సరిగ్గా పట్టలేదు.

అయితే అంతటితో తేలిపోలేదు. పొడుగమ్మాయి మందు తినని ఎలుకల్లో ఆరింటిని ఏరి, మూడు వారాలు రోజూ చేతిలోకి తీసుకుంది. తర్వాత కొలిస్తే దడ తగ్గింది, అలలు విడివిడిగా కనబడ్డాయి, గుండెల వయసు తగ్గినట్టే ఉంది. మందు చుక్క కూడా లేకుండా.

"మేడం, అయితే అంతా చెయ్యే!" అంది పొడుగమ్మాయి.

"తొందరపడకు. పాత గాజు పలకలు తియ్యి."

తొమ్మిదేళ్ళ కిందటి ఎలుకల గుండెలను పలుచగా కోసి గాజు పలకల మీద దాచారు. సూక్ష్మదర్శిని కింద చూస్తే గోడను బిగించే నార ఎంత పెరిగిందో కనబడుతుంది. చచ్చిపోయిన గుండె భయపడదు. ఆ పలకల్లో మందు తిన్నవాటిలో నార నిజంగానే కాస్త తక్కువుంది. చాలా కాదు, కాస్త. నాలుగు నెలలు నిశ్చింతగా బతకడం వల్ల తగ్గిందా? మందు వల్ల తగ్గిందా? రెండూ కలిస్తే తగ్గిందా? పొడుగమ్మాయి ఎలుకలకు మందు దాణాలో ఇచ్చారు కాబట్టి ఒంటబట్టలేదా? ఒక ప్రశ్నను తోస్తే ఇంకోటి ముందుకొచ్చి నిలబడేది.

డైరెక్టర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆమె కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఇప్పుడు కదపడం ఎందుకు మేడం? ఆసుపత్రిలో మనుషుల మీదే పరీక్ష జరుగుతోంది. మందు పనిచేస్తుందో లేదో అదే తేలుస్తుంది."

"ఇప్పటికే ఇద్దరికి కాలేయం పాడైందని మందు ఆపేశారు. ఆ నూట ఎనభై మంది నా ఎలుకల్ని నమ్మి మింగుతున్నారు."

"పోనీ రాసేదేదో ఆ అటెండర్ తప్పని స్పష్టంగా రాయండి. మీకు మాట రాదు."

"ముక్కుతో వాసన చూస్తే తెలిసిపోయే విషయం అది. నేను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ సీసా మూత తియ్యలేదు" అంది ఆమె.

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానని, దాన్ని అచ్చువేసిన పత్రికకు రాయాలని దాదాపు నిశ్చయించుకుంది. ఆదివారం పొద్దున టీ తాగుతూ అక్కకు చెప్పింది. రాస్తే ఆసుపత్రివాళ్ళు పరీక్ష ఆపేస్తారని కూడా చెప్పింది. అక్క వింటూ వింటూ లేచి, కుట్టు డబ్బా తెరిచి, దారపు ఉండల కిందనుంచి మాత్రల అట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద మందు పేరు లేదు, ఒక అంకె ఉంది, అంతే. ఆ అట్టలు ఎక్కడివో ఆమెకు తెలుసు.

"ఎప్పటినుంచి?"

"అయిదు నెలలు."

"కళ్ళ పరీక్షకని వెళ్తున్నావు కదా నెలనెలా!"

"కళ్ళూ చూపించుకున్నాను, ఒకసారి."

"ఆయాసం ఉందని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు చేరనిచ్చేదానివా? సొంత మనుషులు కూడదంటావు. అందుకే ఫారంలో చెల్లెలు ఏం చేస్తుందంటే ఎలుకలు పడుతుందని రాశాను."

నవ్వాలో తిట్టాలో ఆమెకు తోచలేదు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. లిఫ్టు చెడిపోయిన రోజుల్లో అక్క రెండో అంతస్తు మలుపులో ఆగి, గోడకు ఆనుకుని, చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటించేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఈ మధ్య ఆగడం లేదని కూడా.

"ఇప్పుడు మూడో అంతస్తుకి ఆగకుండా ఎక్కుతున్నాను" అంది అక్క. "నీ మందే. నా చేత్తో పెంచినదానివి, నీ మందు నాకు పనిచేయక ఎవరికి పనిచేస్తుంది?"

"అది మందో, ఉత్త మాత్రో నీకు తెలియదక్కా."

"మెట్లకి తెలుసు."

"నెలనెలా వెళ్తున్నావు, నలుగురూ పలకరిస్తున్నారు, కొలుస్తున్నారు. దానివల్ల కూడా కావచ్చు."

"అయితే కానీ. ఏదైతేనేం, ఎక్కుతున్నాగా? నువ్వు ఉత్తరం రాస్తే ఇది ఆగిపోతుంది. అవునా?"

"అవును."

"నీ ఎలుకలకి పనిచేయకపోతే నాకు పనిచేయకూడదని రూలుందా?"

లేదు. ఆ మాట నిజమే. మరునాడు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆమె ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. రాస్తే అక్క మాత్ర ఆగుతుంది. రాయకపోతే అక్కలాంటి నూట డెబ్భై ఏడు మంది, ఎలుకలు ఎందుకు నెమ్మదించాయో తెలియకుండా మింగుతూనే ఉంటారు. అందులో ఇంకెవరి కాలేయం పాడవుతుందో తెలియదు. అక్కదే కావచ్చు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి, ఏది నుయ్యో ఏది గొయ్యో మాత్రం గుర్తుపట్టడం కష్టం.

పత్రికవాళ్ళ ఫారంలో వ్యాసాన్ని వెనక్కి తీసుకోవడానికి కారణం ఎంచుకోమని నాలుగు గళ్ళున్నాయి. లెక్కల్లో పొరపాటు. కొలతలో పొరపాటు. మోసం. ఇతరం. మొదటి రెండింటి మధ్య ఆమె చాలాసేపు తచ్చాడింది. లెక్క సరైనదే. కొలత కూడా సరైనదే, కొలిచింది ఏమిటన్నదే తేలడం లేదు. చివరికి నాలుగో గడి నొక్కి, కింద ఇలా రాసింది.

"మందు ఇచ్చిన ఎలుకలను మేము రోజూ చేత్తో పట్టుకున్నాం. మందు ఇవ్వని వాటిని పట్టుకోలేదు. ఈ సంగతి అప్పుడు మేము గమనించలేదు. మేము చూసిన తేడా మందు వల్ల వచ్చిందో, చేతి స్పర్శ వల్ల వచ్చిందో, కొలిచేటప్పటి భయం వల్ల అలా కనబడిందో ఇప్పుడు చెప్పలేము."

పొడుగమ్మాయి వెనకనుంచి చదివింది. "బాబాయ్ పేరు లేదు మేడం."

"మేము అని ఉందిగా. అందులో ఆయనా ఉన్నాడు, నేనూ ఉన్నాను. పంపించు."

పత్రిక సంపాదకుడు రెండు రోజులకు జవాబిచ్చాడు. మీ తుది నిర్ణయం స్పష్టంగా లేదు, మూడింటిలో ఏదో ఒకటి తేల్చి రాయగలరా అని. తేల్చలేమని ఒక్క ముక్క రాసి పంపింది. మూడు వారాల తర్వాత వ్యాసం మీద ఎర్రగీత పడింది. వరండాలో ఫోటో గురించి ఎవరూ ఏమీ అనలేదు. తియ్యాలో ఉంచాలో నిర్ణయించడానికి ఒక కమిటీ వేశారని విన్నారు.

ఆసుపత్రివాళ్ళు పరీక్ష ఆపారు. మిగిలిన మాత్రలు తెచ్చి ఇవ్వమన్నారు. అక్క తన అట్టను సంచీలో వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చింది. వారం రోజులు చెల్లెలితో అవసరమైన మాటలే మాట్లాడింది. ఉప్పు తెచ్చావా, కరెంటు మనిషి వచ్చాడా, అంతే.

ఆపేశాక ఎవరికి ఏ మాత్ర వెళ్ళిందో చెబుతూ అందరికీ ఉత్తరాలు పంపారు. అక్క కవరు చింపి, కళ్ళజోడు కోసం వెతక్కుండా చెల్లెలికి అందించింది.

"నీది అసలు మందే" అంది చెల్లెలు.

"చూశావా!" అని అక్క బల్ల మీద చరిచింది. "చెప్పానా లేదా?"

చెల్లెలికి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఒక మనిషికి తగ్గిందంటే మందు పనిచేసిందని కాదు. ఉత్త మాత్ర మింగినవాళ్ళలోనూ కొందరు మెట్లు ఎక్కే ఉంటారు. ఆపేదాకా తీసిన లెక్కల్లో రెండు గుంపులకూ తేడా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది, తేలడానికి నెలలు చాలలేదని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. నెలలు చాలకపోవడానికి కారణం ఆమె ఉత్తరమే.

పొడుగమ్మాయీ తనూ కూర్చుని కొత్త ప్రయోగం రాశారు. ఈసారి నాలుగు గుంపులు. మందూ చెయ్యీ, మందు మాత్రమే, చెయ్యి మాత్రమే, ఏదీ లేనివి. ఎలుక ముసలిదవ్వడానికే ఏడాదిన్నర పడుతుంది. ఆమె పదవీ విరమణకు మూడు నెలలే ఉన్నాయి. అప్పుడే పుట్టిన ఎలుకలకు ఆర్డరు ఇచ్చి, పొడుగమ్మాయి పేరు మీద రాయించింది. ఫలితం ఏమొచ్చినా అది తన ఖాతాలో పడదు, పడకపోవడమే మంచిదేమో అని కూడా అనిపించింది. అదీ ఖాయంగా అనిపించలేదు.

మాత్ర మానేసిన నాలుగో నెలలో అక్కను తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఈసారి కళ్ళ వంక లేకుండా. మామూలు ఎకో. గది చల్లగా ఉంది. అక్క పక్కకు తిరిగి పడుకుని తెర వైపు చూడనని మొండికేసింది. డాక్టరు మూడుసార్లు కొలిచి, కాగితం చేతిలో పెట్టాడు. మందు మొదలుపెట్టక ముందున్న అంకే. మందు వేసుకుంటున్నప్పుడు తీసిన అంకె కూడా ఫైల్లో ఉంది. అదీ దాదాపు అంతే. గుండె అప్పుడూ మారలేదు, ఇప్పుడూ మారలేదు.

ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. చెల్లెలు మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తోంది.

"ఏమంటోంది?" అంది అక్క.

"గుండెలో ఏ మార్పూ లేదంటోంది."

"మరి నేను ఎక్కుతున్నాగా. మొన్న కూడా ఎక్కాను, మాత్ర లేకుండా. నువ్వే వెనకబడ్డావు."

"అవును."

"ఎలా ఎక్కుతున్నాను?"

"తెలియదక్కా."

"ముప్పై ఏళ్ళు చదివావు కదే!"

"ముప్పై ఒకటి."

అక్క ఆ కాగితాలు తీసుకుని మడతపెట్టి సంచీలో వేసుకుంది. "సరే, తెలియనివన్నీ వదిలెయ్. తెలిసింది ఒక్కటి చెప్పు. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఖాయంగా తెలిసింది ఒక్కటి."

ఆమె నిజంగానే ఆలోచించింది. ఎదురుగా ఎకో గది తలుపు తెరుచుకుని ఎవరో పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. తర్వాతి పేరు పిలిచారు.

"గుండెని కొలిచేటప్పుడు అది భయపడుతోందో లేదో ముందు చూసుకోవాలి" అంది.

"ఇది దర్జీలకి కూడా తెలుసు. కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబడితే జాకెట్టు చెడుతుంది." అక్క లేచి నిలబడింది. "నువ్వు నన్నడిగినా చెప్పేదాన్ని."

"నువ్వు చెప్తే వినేదాన్నో లేదో" అంది చెల్లెలు. "అదీ తెలియదు."